ఫ్లెక్సు ముక్కలతో బొబ్బిలి కోట

మా షాపులో రోజుకి ఒక బస్తా చెత్త పోగవుతుంది. సన్‌బోర్డు అనే తేలికపాటి ప్లాస్టిక్ పలకల అంచులు, వినైల్ తొక్కలు, సైజు తప్పి మూలన పడేసిన ఫ్లెక్సులు. పర్లాకిమిడిలో ఫ్లెక్సు ప్రింటింగ్ అంటే సగం ఒడియా, సగం తెలుగు. పొద్దున గృహప్రవేశం ఒడియాలో, మధ్యాహ్నం పెద్దకర్మ తెలుగులో, సాయంత్రం ఎవరో నాయకుడి పుట్టినరోజు రెండిట్లోనూ. ఆ బస్తా చెత్త పారబొయ్యడానికి మనసొప్పక పట్టుకున్న పిచ్చి ఇది.

పిచ్చి ఏమిటంటే, బల్ల మీద యుద్ధం ఆడడం. చదరంగం లాంటిదే గానీ గళ్లు ఉండవు. టేపు పెట్టి అంగుళాలు కొలిచి సైనికుల్ని జరుపుతాం. పాచికలు వేసి దెబ్బ తగిలిందో లేదో తేల్చుకుంటాం. కొండ ఎక్కితే నడక తగ్గుతుంది, గోడ చాటున ఉంటే దెబ్బ తప్పుతుంది, అడవిలోకి ఫిరంగి పోదు. అంటే ఆటలో సగం సైనికుల చేతిలో ఉంటే, సగం వాళ్ల కాళ్ల కింద ఉంటుంది. ఆ కాళ్ల కింద ఉన్నదాన్ని, కొండలు, గోడలు, చెట్లు, ఇళ్లు అన్నీ కలిపి, టెర్రైన్ అంటారు. నాకు యావ దాని మీదే. మా బావమరిదికి గెలవడం మీద యావ. అందుకే ఇద్దరికీ కుదిరింది.

బావమరిదికి బరంపురంలో ఉద్యోగం. నెలకోసారి వస్తాడు. వచ్చిన రోజు మేడ మీద గదిలో ఆరడుగులు బై నాలుగడుగుల ప్లైవుడ్ వేస్తాం. రెజిన్ బొమ్మలు, లోహపు బొమ్మలు కొనాలంటే ఒక్క పటాలానికే మా షాపు కరెంటు బిల్లంత అవుతుంది. అందుకని నా సైనికులు కాగితం వాళ్లు. ముందు వైపు, వెనక వైపు బొమ్మ వినైల్ మీద ప్రింట్ తీసి, మూడు ఎం.ఎం. సన్‌బోర్డుకి రెండు పక్కలా అంటించి, బ్లేడుతో చుట్టూ కోసి, కింద గుండ్రటి బిళ్ల పెడతాను. ఎత్తు 28 మిల్లీమీటర్లు. ఒక్క మధ్యాహ్నంలో నలభై మంది తయారు. ఈ ఊళ్లో కొమ్ముతో కొంగలు, రొయ్యలు చెక్కే పనివాళ్ల చేతులు చూసి పెరిగినవాణ్ణి కాబట్టి వీటిని బొమ్మలు అనడానికి కూడా కొంచెం సిగ్గే. అయినా ఆటకి చాలు.

మొదట్లో చేసిన వెధవ పనులు రెండు చెప్పాలి, లేకపోతే నేనేదో పుట్టుకతోనే పనోణ్ణనుకుంటారు.

మొదటిది, థర్మోకోల్ కొండ. వినాయక చవితి మండపం విప్పాక పడేసిన థర్మోకోల్ తెచ్చి, పొరలు పొరలుగా అంటించి, రెండు రాత్రులు కూర్చుని చెక్కాను. మహేంద్రగిరి అని పేరు కూడా పెట్టుకున్నాను. పొద్దున్నే మేడ మీదికి తీసుకెళ్లి స్ప్రే డబ్బాతో బూడిద రంగు కొట్టాను. చిర్రుమని ఒక శబ్దం. చూస్తూండగానే శిఖరం కుంగింది, పక్కల గుంటలు పడ్డాయి, ఆరు నిమిషాల్లో పాచిపోయిన అట్టులా అయింది. స్ప్రే రంగులో ఉండే ద్రావకం థర్మోకోల్‌ని కరిగించేస్తుంది. ముందు ఫెవికాల్‌లో నల్ల ఎక్రిలిక్ కలిపి రెండు పూతలు పూసి, ఎక్కడా తెల్ల గింజ కనపడకుండా మూసేసి, ఆ తర్వాత బ్రష్షుతో రంగు వెయ్యాలి. ఆ సంగతి నాకు చెప్పినవాళ్లు లేరు.

రెండోది, రవ్వ. నేల మీద కంకర లాగా గరుకు రావాలంటే ఇసుక చల్లాలి. ఆ రోజు చేతికి ఇసుక దొరక్క వంటింట్లో బొంబాయి రవ్వ తీసి ఫెవికాల్ మీద చల్లాను. అద్భుతంగా వచ్చింది. రంగు వేశాను. మూడో రోజు పొద్దున బల్ల మీద అసలైన సైన్యం దిగింది. ఒక్కో చీమ ఒక్కో కంకర రాయి మోసుకుంటూ వరసగా కిటికీ వైపు పోతోంది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఏటండీ, చీమలకి ఉప్మా పెట్టారా?" అంది. అప్పట్నుంచి ఇసుకే. మహేంద్రతనయ ఒడ్డున ఎండిన ఇసుక తెచ్చి, టీ వడగట్టుతో జల్లించి, పాత మూకుట్లో వేయించి సీసాలో పోస్తాను. వేయిస్తే పురుగూ పుట్రా పోతాయి, తేమ పోతుంది.

బొబ్బిలి సంగతికి వస్తాను.

కిందటి సంక్రాంతికి బావమరిది అన్నాడు, "బావా, ఎప్పుడూ ఆ యూట్యూబ్ కొండలేనా? మన యుద్ధం ఒకటి ఆడదాం." మన యుద్ధం అంటే ఇక్కడ ఎవరికైనా ముందు నోటికొచ్చేది బొబ్బిలే. 1757 జనవరి 24. ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం పూసపాటి విజయరామరాజు ఒక పక్క, కోటలో బొబ్బిలి రాజు రంగారావు. ఆ తర్వాత తాండ్ర పాపారాయుడు విజయరామరాజు గుడారంలో దూరడం. కథ మీకు తెలిసిందే, మళ్లీ చెప్పను. 1936లో మా ఊరు ఒడిశా వైపు పడింది గానీ బుర్రకథలు గీత చూసుకుని ఆగలేదు కదా. మా తాతల కాలం నుంచీ ఆ కథ మా ఇళ్లలో ఉంది.

మొదటి తగువు అక్కడే వచ్చింది. బావమరిది ఊహలో ఉన్నది రాతి కోట. నాటకాల తెరల మీద, క్యాలెండర్ల మీద ఉండే కోట, బురుజు మీద జెండాతో. నేను కాదన్నాను. అది మట్టికోట. చుట్టూ దట్టమైన అడవి, మధ్యలో మట్టిగోడలు. "మట్టి అయితే ఫిరంగికి ఎంతసేపు ఆగుతుంది?" అని నవ్వాడు. ఆగుతుంది. గుండు తగిలితే రాయి పగులుతుంది, మట్టి మింగుతుంది. 1805లో భరత్‌పూర్ మట్టికోట మీద ఇంగ్లీషు సేనాని లేక్ నాలుగుసార్లు పడి, నాలుగుసార్లూ వెనక్కి పోయాడు. ఇది చెప్పాక బావమరిది ఊరుకున్నాడు. పైగా రాయి కన్నా మట్టి చెయ్యడం సులువనుకుని నేనూ సంబరపడ్డాను. అక్కడ తప్పాను.

ముందు లెక్క. అయిదున్నర అడుగుల మనిషి 28 మిల్లీమీటర్లయితే కొలత దాదాపు అరవయ్యో వంతు. ఆరడుగుల బల్ల అంటే నిజం నేల మీద 360 అడుగులు. అంటే క్రికెట్ గ్రౌండు కూడా పూర్తిగా పట్టదు. ఆనాటి తుపాకీ నూరు గజాలు పనికొచ్చేలా కొడుతుందనుకున్నా, అది ఈ బల్ల మీద అయిదడుగులు. ఇటు చివర నిలబడినవాడు దాదాపు అటు చివరిదాకా కాల్చేస్తాడు. ఇంక ఆట ఏముంది? అందుకే ఈ ఆటల్లో మనిషిది ఒక కొలత, దూరాలది ఇంకో కొలత. తుపాకీకి పన్నెండు అంగుళాలు, ఫిరంగికి ముప్పయి అని మేం కుదుర్చుకున్నాం. కోట మొత్తం కట్టడం కుదరదు కాబట్టి ఒక మూల బురుజు, దానికి అటూ ఇటూ రెండేసి అడుగుల గోడ. మిగతా కోట బల్ల అవతల ఉందని అనుకోవడమే.

ఈ అనుకోవడం గురించి ఒక పాత కథ ఉంది. 1812లో ప్రష్యా రాజుకి రైస్‌విట్జ్ అనే ఆయన ఒక యుద్ధం ఆట బల్ల చేసి ఇచ్చాడు. ఆ బల్లకి సొరుగులు. సొరుగుల్లో చదరపు పలకలు, ఒక్కోదాని మీద ఎత్తుపల్లాలు, ఏరు, దారి పోతపోసి రంగులు వేసినవి. కావలసినట్టు పేర్చుకుంటే కొత్త యుద్ధభూమి. తర్వాత 1824లో ఆయన కొడుకు అదే ఆటని మ్యాపు మీదికి మార్చాడు, సైన్యంలో అది బాగా పాకింది. అధికారులకి మ్యాపే అనువు, కాదనను. నా ఓటు మాత్రం తండ్రికే.

గోడ లోపలి అస్థి అయిదు ఎం.ఎం. సన్‌బోర్డు. రెండు పలకల మధ్య థర్మోకోల్ కుక్కి, పైన నడవడానికి బాట. ఆ బాట మొదట ఇరవై మిల్లీమీటర్లు పెట్టాను, చూడ్డానికి ముచ్చటగా ఉంది. సైనికుణ్ణి పెడితే బిళ్ల ఇరవై అయిదు. అయిదు గాల్లో. ఒక్కొక్కడే లోపలికి దూకేస్తున్నాడు. గోడంతా విప్పి మళ్లీ ముప్పయి అయిదుకి కట్టాను. అందం కోసం చేసేవాళ్లకీ ఆట కోసం చేసేవాళ్లకీ తేడా ఈ పదిహేను మిల్లీమీటర్లే అని నాకనిపిస్తుంది. ఇంటర్నెట్‌లో కనిపించే మహా గొప్ప బోర్డులు చాలావాటి మీద బొమ్మ నిలబడదు. నునుపైన కొండ వాలు మీద పెట్టి చెయ్యి తియ్యగానే జారుతుంది. నా కొండలన్నీ అందుకే మెట్లు మెట్లుగా ఉంటాయి, కొండ మీది వరిమళ్లలాగా. ఎవరైనా అందంగా లేవంటే ఆడి చూడమంటాను.

గోడ మీద పూత కోసం వాల్‌పుట్టి, ఫెవికాల్, జల్లించిన ఎర్రమట్టి కలిపి ముద్ద చేశాను. నిజం మట్టిగోడలో గడ్డి తొక్కుతారు కదా అని గడ్డి కత్తిరించి కలిపాను. ఆరాక చూస్తే గోడలోంచి కొబ్బరి మట్టలు పొడుచుకొచ్చినట్టుంది. మళ్లీ లెక్క. రెండు సెంటీమీటర్ల గడ్డిపరక అరవై రెట్లంటే నాలుగడుగులు. నాలుగడుగుల గడ్డి ఎవడు తొక్కుతాడు మట్టిలో? తీసేసి, కొబ్బరి పీచు గిన్నె మీద రాస్తే రాలే పొడి ఉంటుందే, అది చిటికెడు కలిపాను. అప్పుడు సరిపోయింది.

రంగు వేశాను. ముందు గోడంతా ముదురు గోధుమ. దాని మీద ఎర్ర ఆక్సైడ్‌లో కాస్త పసుపుమన్ను రంగు కలిపి ఒక పూత. ఆరాక బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగుని నీళ్లలా పలచన చేసి, ఒక్క చుక్క గిన్నెలు తోమే సబ్బు వేసి పోశాను. సబ్బు చుక్క లేకపోతే నీళ్లు ముత్యాల్లా పైన నిలబడతాయి, పగుళ్లలోకి దిగవు. చివరికి పొడి బ్రష్షు. రంగులో ముంచి, పాత బనీను గుడ్డకి తుడిచి తుడిచి, ఇంక రంగే లేదనుకున్నాక గోడ మీద తేలిగ్గా ఆడించాలి. ఎత్తుగా ఉన్న గరుకు మీద మాత్రమే లేత రంగు అంటుతుంది. ఈ ఒక్క పని కోసమే టెర్రైన్ చేస్తానేమో నేను. రెండు నిమిషాల్లో అట్టముక్కకి ఎండ తగులుతుంది.

గోడ పూర్తయింది. బాగుంది. ఫోటో తీసి బావమరిదికి పంపాను, వాడు బొటనవేలు పంపాడు. కానీ అది మట్టిగోడలా లేదు. ఇటుకపొడి అద్దిన కేకులా ఉంది. ఏం తక్కువో తెలియక మూడు రోజులు అటూ ఇటూ తిప్పి చూశాను.

అమ్మ మామూలుగా మేడ ఎక్కదు, మోకాళ్లు. ఆ రోజు వడియాలు తియ్యడానికి ఎక్కింది. వడియాల గుడ్డ చంకలో పెట్టుకుని, కళ్లజోడు పైకి తోసి, గోడ చూసింది.

"ఏట్రా ఇది?"

"బొబ్బిలి కోటమ్మా. మట్టిగోడ."

"ఎన్నాళ్లయింది కట్టి?"

నాకు అర్థం కాలేదు. నిన్ననే రంగు వేశానన్నాను.

"అది కాదురా. కోట కట్టి ఎన్నాళ్లయింది? కింద వాన చిమ్మలేదు మరి. నిన్న కట్టిన గోడలా ఉంది."

అమ్మ పుట్టిల్లు కాశీనగర్ దగ్గర, వంశధార పక్కన. మట్టిల్లు. నేనూ ఎండాకాలం సెలవులన్నీ ఆ గోడలకి వీపు ఆన్చి గడిపినవాణ్ణే. కానీ చూడలేదు. అమ్మ నిలబడే చెప్పింది. వాన గోడ పైనుంచి కన్నా కిందనుంచి ఎక్కువ తింటుంది. చూరు నీళ్లు నేల మీద పడి చిమ్మితే మోకాలెత్తు దాకా మట్టి ఎగిరి గోడకి కొడుతుంది. అక్కడ గోడ లోపలికి పోతుంది, రంగు నల్లబడుతుంది. ఏటా ఆ మోకాలెత్తుకే మళ్లీ మట్టి మెత్తుతారు కాబట్టి కింద ఒక పట్టీ వేరే రంగులో, కాస్త ఉబ్బి ఉంటుంది. పైన అంచు దగ్గర నీళ్లు దిగిన చారలు ఉంటాయి, నిలువుగా, ఒకటి సన్నం, ఒకటి లావు. కందిరీగలు తొలిచిన కన్నాలు ఎండ పడే వైపే ఉంటాయి. "పడమటి గోడకి పడమటి వానే కొడుతుంది, నాలుగు పక్కలా ఒకేలా ఉండదు" అని చెప్పి, వడియాలు ఎత్తుకుని దిగిపోయింది.

మోకాలెత్తు అంటే నా గోడ మీద ఎనిమిది మిల్లీమీటర్లు. ఆ ఎనిమిది మిల్లీమీటర్లకి వారం పట్టింది. సోల్డరింగ్ ఐరన్ మొనతో అడుగున సన్‌బోర్డు కొంచెం కొంచెం కరిగించి గోడని తినేశాను. కిటికీ తెరిచి, ముక్కుకి గుడ్డ కట్టుకునే లెండి, ఆ పొగ మంచిది కాదు. కొన్నిచోట్ల కొత్త ముద్ద మెత్తి, అది ఆరకముందే బొటనవేలితో అదిమాను. నా వేలిముద్రే పడింది, అరవై రెట్లు పెద్దది. తడిగుడ్డతో తుడిచి, గుండుసూది తలతో అదిమితే అరచేతి ముద్రల్లా వచ్చాయి. పాత టూత్‌బ్రష్‌ని పలచటి నల్లమట్టి రంగులో ముంచి, వేలితో వెనక్కి లాగి వదిలితే తుంపర పడుతుంది. అలా కింద నుంచి పైకి చిమ్మాను. నిజం వాన ఎలా చిమ్ముతుందో అలాగే చిమ్మాలి, పక్కనుంచి కొడితే తెలిసిపోతుంది. పడమటి గోడకి ఎక్కువ, తూర్పుకి తక్కువ. చారలకి పలచన రంగుతో పైన చుక్క పెట్టి గోడని నిలబెట్టి వదిలేశాను. దానంతట అదే దారి చూసుకుని దిగింది.

షాపులో కౌంటరు పక్కన ఆరబెట్టాను. బ్యానర్ కోసం వచ్చిన ఒకాయన వంగి చూసి "ఏఇటా కణ?", ఇదేంటి, అని, నేను చెప్పేలోపే "మా ఊరి గోడ" అని తనే ఒడియాలో జవాబు చెప్పుకున్నాడు. బ్యానర్‌కి అడ్వాన్సు మాత్రం ఇవ్వలేదు.

అడవి తేలిక. గోనెసంచి ముక్కని వంకర టింకరగా కోసి ఇసుక, ఎండిన టీ పొడి అద్దితే అది అడవి హద్దు. దాని మీద చెట్లు విడివిడిగా నిలబెడతాం, సైన్యం లోపలికొస్తే చెట్టు తీసి పక్కన పెట్టుకోవచ్చు. పొదలకి ఎండిన బీరపీచు, చింపి, ఆకుపచ్చలో ముంచి పిండితే చాలు. తాటిచెట్టు దగ్గర రాజీపడ్డాను. అరవై అడుగుల తాడి ఇక్కడ అడుగెత్తుండాలి. పెడితే పాచిక వెయ్యబోయి చెయ్యి తగిలి రెండుసార్లు బుస్సీ నెత్తిన పడింది. అన్నీ ఈతచెట్లు చేసేశాను. వెదురు పుల్ల మీద జనపనార చుట్టి, ఆకుపచ్చ ఫ్లెక్సు చింపులతో మట్టలు.

ఫిరంగి పగలగొట్టే చోటికి ఒకే గోడముక్క రెండు రకాలు చేశాను, ఒకటి నిక్షేపంగా, ఒకటి కూలినది. గుండ్లు తగిలి లెక్క నిండగానే మొదటిది తీసి రెండోది పెట్టడమే. కూలిన ముక్కలో లోపలి మట్టి రంగు వేరే ఉండాలి, వాన తగలని మట్టి కదా, ఇంకా ఎర్రగా, పచ్చిగా. ఇది అమ్మని అడక్కుండానే తట్టింది.

ఏప్రిల్ నెలాఖరున ఆడాం. బావమరిది బుస్సీ, నేను కోట. మూడు ఆటలు. మొదటిదాంట్లో వాడి ఫిరంగులు అడవి అంచు చేరేసరికే అయిదు వంతులు అయిపోయాయి, నా వాళ్లు పొదల్లోంచి ఒక్కొక్కళ్లనే ఏరేశారు. రెండోది నాదే. మూడోదాంట్లో వాడు బుద్ధి తెచ్చుకుని అడవి చుట్టూ తిరిగొచ్చి పడమటి గోడ మీద పడ్డాడు. "ఇటువైపు వాన ఎక్కువ తినేసింది కదా బావా, పాచికకి ఒకటి ఎక్కువ కలుపుకుంటాను" అన్నాడు. రూల్సులో అలాంటిదేం లేదు. అరగంట వాదించుకున్నాం. మా ఆవిడ పెరుగన్నం గిన్నెలు బల్ల మీద, సరిగ్గా బురుజు పక్కన పెట్టేసి, తినేదాకా ఎవరూ కదలొద్దంది. చివరికి నేనే ఒప్పుకున్నాను. ఆ మచ్చలు వేసింది నేనే కాబట్టి కాదనలేకపోయాను. గోడ కూలింది.

వానలు మొదలయ్యేలోపు అన్నీ సర్దాలి. కిందటేడు ఒక కొండకి బూజు పట్టింది, టీ పొడి సరిగ్గా ఆరబెట్టకుండా అంటించాను. ఈసారి గోడలన్నిటికీ అడుగున కూడా వార్నిష్ పూసి రెండు రోజులు ఎండలో పెట్టాను. షాపులో పదిహేను అడుగుల పెళ్లి ఫ్లెక్సు ఒకటి మిగిలింది, పెళ్లికూతురి పేరు తప్పు పడి వాళ్లు తీసుకోలేదు. కోటని దాంట్లో చుట్టి, తాడు కట్టి, అటక మీదికి ఎక్కించాను. నిచ్చెన దిగుతుంటే బావమరిది ఫోన్. దసరాకి ఇంగ్లీషు, ఫ్రెంచి సేనలు తలపడిన చందుర్తి యుద్ధం ఆడదాం, ఈసారి మొక్కజొన్న చేను కావాలంటాడు.